బంగారానికి హాల్‌మార్కు అడుగుతాం, దీనికి నోరెందుకు రాదు?

ప్రొద్దుటూరులో బంగారం ఎట్లా కొనాలో మన పక్క ఆడవాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు. అర తులం ఉంగరానికి పది అంగళ్లు తిరుగుతాం. హాల్‌మార్కు చూపించమంటాం, ఆరు అంకెలూ అక్షరాలూ కలిసిన ఆ నంబరు ఫోనులో కొట్టి సరిచూసుకుంటాం, తరుగెంత, కూలి ఎంత అని అంగడాయన ప్రాణం తీస్తాం. కుక్కరు కొంటే ఐ.ఎస్.ఐ. ముద్ర చూస్తాం. చీర కొంటే కొంగు నలిపి, రంగు దిగుతుందా అని పక్కనున్నామెను కూడా అడుగుతాం. మైదుకూరు సంతలో టమాట నొక్కి చూడందే సంచిలో వేయం. ఇంత గట్టివాళ్లం, ఒంట్లో అన్నిటికంటే మెత్తని చోట తాకే వస్తువును మాత్రం రాత్రి పదకొండింటికి దుప్పటి కింద ఫోను పెట్టుకొని, కింద ఏం రాశారో చదవకుండా, గుండె దడదడలాడుతుంటే కొనేస్తున్నాం.

ఏ వస్తువో మీకీపాటికి అర్థమయ్యే ఉంటుంది. సెక్స్ టాయ్. వైబ్రేటర్. అమ్మేవాళ్ల భాషలో పర్సనల్ మసాజర్. పేరు చూసి ఛీ అనుకున్నవాళ్లు కూడా దయచేసి ఇంకో నాలుగు పేరాలు ఉండండి. అత్తాకోడళ్ల గురించి, పిల్లల చదువుల గురించి, ఉల్లిగడ్డల ధర గురించి ఎన్నిసార్లు మాట్లాడుకోలేదు? పడకగది కూడా ఇంట్లో భాగమే. దాని మీద కూడా అదే పైకప్పు ఉంది.

నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. ఆ వస్తువు వల్ల ఆడవాళ్లకు జరిగే చెడు కంటే, దాని గురించి అడగలేని సిగ్గు వల్ల జరిగే చెడు ఎక్కువ. ఆ సిగ్గు మనం పుట్టినప్పుడు తెచ్చుకున్నది కాదు. మన నెత్తిన పెట్టి మోయిస్తున్నది. మోయిస్తున్నవాళ్లకు అందులో లాభముంది.

నాకు తెలిసిన ఒకామె కథ చెప్తాను. ఊరు, వివరాలు వద్దు. ముప్పై ఐదు దాటిన మనిషి, ఇద్దరు పిల్లలు, భర్త కువైట్‌లో. ఏదో సైటులో మెత్తగా, గులాబీ రంగులో, జెల్లీలాగా మెరిసే వస్తువు చవగ్గా కనబడితే తెప్పించుకుంది. డబ్బా తెరవగానే కొత్త ప్లాస్టిక్ చెప్పుల వాసన. దేంతో చేశారో డబ్బా మీద ఒక్క ముక్క లేదు. రెండుసార్లు వాడేసరికి మంట, దురద. మెడికల్ షాపుకు పోయి “వేడి చేసింది” అని చెప్పింది. ఆ అబ్బాయి చేతికందిన దురద మలాము ఒకటి ఇచ్చాడు. మూడు వారాలు అదే పూసుకుంది. ఎర్రగా కమిలిపోయాక డాక్టరమ్మ దగ్గరకు పోయినా “ఏమోనమ్మా, వేడి చేసిందేమో” అనే చెప్పింది. డాక్టరుకు కారణం తెలియదు, తనకు నోరు రాదు. వస్తువును వాపసు పంపాలంటే ఫిర్యాదులో ఏమని రాయాలి? తేలు కుట్టిన దొంగ అంటారే, అట్లా అయింది ఆమె పరిస్థితి. తేడా ఒక్కటే, ఆమె దొంగతనమేమీ చేయలేదు. సొంత డబ్బుతో వస్తువు కొనుక్కుంది.

ఇప్పుడు చెప్పండి, ఆమెకు నష్టం చేసింది ఏది? చెత్త సరుకు మొదటి నష్టం చేసింది. మిగతా మూడు వారాలూ సిగ్గే చేసింది.

సరే, మన సమాజం మొత్తం సిగ్గుపడేదే అయితే కొంత అర్థం చేసుకోవచ్చు. బస్సెక్కి కిటికీలోంచి గోడలు చూడండి. ప్రహరీల మీద, వంతెనల మీద, రైలుకట్టల పక్క గోడల మీద మగవాళ్ల “బలహీనత”కు శర్తియా ఇలాజులు, గుప్తరోగాలకు లాడ్జి పేరు, గది నంబరు, నెలలో ఏ తారీఖున వస్తారో కూడా పెద్దపెద్ద అక్షరాల్లో ఉంటాయి. చిన్నపిల్లలు కూడబలుక్కొని చదివేంత పెద్దవి. వాటిని చూసి సంస్కృతి మంటగలిసిందని ఎవరూ సున్నం కొట్టించలేదు. మగవాడి శరీరానికి ఊరి గోడ చాలదు. ఆడదాని శరీరానికి దుప్పటి కింద చోటు కూడా ఎక్కువే.

“ఇది మన సంస్కృతి కాదు” అనే మాట దగ్గరికే వద్దాం, ఎందుకంటే ముందు వచ్చేది అదే. ఏ సంస్కృతి అండీ? రాజంపేట దగ్గరి తాళ్ళపాకలో పుట్టిన అన్నమయ్య రాగిరేకుల్లో ఆధ్యాత్మిక సంకీర్తనల కంటే శృంగార సంకీర్తనలే చాలా ఎక్కువ. వాటిలో ఎన్నో అలమేలుమంగ మాటగానో, నాయిక మాటగానో సాగుతాయి. దేవుడి ముందే పాడదగిన కోరిక ఇంటి ఇల్లాలికి మాత్రం మైల ఎట్లా అయింది?

ఇంకొక కథ ఉంది. 18వ శతాబ్దంలో తంజావూరులో ప్రతాపసింహుని కొలువులో ఉన్న ముద్దుపళని ‘రాధికా సాంత్వనము’ రాసింది. స్త్రీ కోరికను స్త్రీయే తన నోటితో చెప్పిన కావ్యం. తర్వాత ఆమెను కందుకూరి వీరేశలింగం పంతులు గారు తీవ్రంగా విమర్శించారు. ఆ పుస్తకం అచ్చులో పద్యాలు తీసేసి ఉండడం చూసి బెంగళూరు నాగరత్నమ్మ పూర్తి ప్రతి వెతికి, సరిచూసి, 1910లో వావిళ్ల వారి ద్వారా అచ్చు వేయించింది. సిగ్గూ మర్యాదా ఆడవాళ్లకేనా, మగకవులకు లేవా అని పంతులు గారినే నిలదీసింది. 1911లో తెల్లదొరల ప్రభుత్వం అశ్లీలమని పుస్తకాన్ని నిషేధించింది. ఆ నిషేధం 1947లో టంగుటూరి ప్రకాశం గారి చొరవతో తొలగింది. తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధికి తన సొత్తు ఖర్చుపెట్టి గుడి కట్టించిన నాగరత్నమ్మే ఈ నాగరత్నమ్మ. భక్తికీ దేహానికీ పడదని ఆమె అనుకోలేదు. మన సంస్కృతి అని మనకు చెబుతున్న ఈ నోరు మూయించడంలో సగం విక్టోరియా రాణి కాలపు దొరలది. మిగతా సగం వాళ్లను చూసి నేర్చుకున్న మన పెద్దమనుషులది.

రెండో మాట, “మొగుడుండగా అదెందుకు?” దీనికి జవాబు శరీరశాస్త్రం చెబుతుంది. స్త్రీకి సుఖం ప్రధానంగా అందేది యోని లోపలి నుంచి కాదు, బయట పైభాగంలో ఉండే క్లిటోరిస్ నుంచి. పుస్తకాల తెలుగులో భగాంకురం అంటారు. కంటికి కనబడేది చిన్న మొన మాత్రమే. మిగతాదంతా లోపల రెండు పక్కలా పాకి ఉంటుంది. ఆ పూర్తి స్వరూపాన్ని ఆస్ట్రేలియా సర్జన్ హెలెన్ ఓ’కానెల్ బృందం 1998లో సవివరంగా చూపించి, పాఠ్యపుస్తకాల్లో బొమ్మలు ఎంత తప్పుగా ఉన్నాయో చెప్పింది. మనిషి చంద్రుడి మీద కాలు పెట్టిన దాదాపు ముప్పై ఏళ్లకు! అమెరికాలో జరిగిన ఒక పెద్ద సర్వేలో సంభోగం ఒక్కటే భావప్రాప్తికి చాలునన్న స్త్రీలు నూటికి 18 మందే. అంటే సుఖం అందకపోవడం ఆ భార్య లోపమూ కాదు, చాలాసార్లు ఆ భర్త లోపమూ కాదు. ఇద్దరికీ ఎవరూ చెప్పకపోవడం. వారపత్రికల్లో డాక్టర్ సమరం గారి జవాబులు దిండు కింద దాచుకొని చదివిన తరం మనది. అంతకు మించి మనకు పాఠం చెప్పినవాళ్లు ఎవరు?

అసలు అందరికీ మొగుడు ఇంట్లోనే ఉన్నాడా? మన జిల్లాలో కువైట్ పోని ఇల్లు ఎన్ని వీధులకొకటి? రెండేళ్లకు ఒకసారి నెల సెలవు మీద వచ్చే మనిషి కోసం కాచుకొని ఉండేవాళ్లున్నారు. లారీ మీద పోయి నెలకోసారి వచ్చేవాళ్ల భార్యలున్నారు. నలభై ఏళ్లకే ఒంటరైనవాళ్లున్నారు. పెళ్లే వద్దనుకున్నవాళ్లున్నారు. గర్భసంచి తీయించుకున్నవాళ్ల సంగతి మరీ ఘోరం. ఆ ఆపరేషన్లు దేశంలో ఎక్కువగా జరిగే రాష్ట్రాల్లో మనది ముందు వరసలో ఉందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చెబుతున్నాయి. “ఇంక పిల్లలతో పని లేదు కదమ్మా, తీసేద్దాం” అంటారు. తీసేశాక దాంపత్యం ఎట్లా ఉంటుందో, అండాశయాలు కూడా తీస్తే లోపల పొడిబారి నొప్పి వస్తుందని, దానికి మందులూ లూబ్రికెంట్లూ ఉన్నాయని ఎంతమందికి చెబుతున్నారు? నొప్పిని ఓర్చుకోవడమే కాపురం అనుకొని పదేళ్లు గడిపినవాళ్లు నాకు తెలుసు.

మూడో మాట, “అది మగవాడికి పోటీ.” కళ్లజోడు కంటికి పోటీనా? భర్తకు పోటీ వచ్చేది ప్లాస్టిక్ ముక్క కాదు, ఇద్దరి మధ్య పేరుకుపోయిన మౌనం. నచ్చజెప్పే తీరు కూడా ఉంటుంది. గొడవ పడ్డ రాత్రి కాకుండా, తీరిగ్గా ఉన్నప్పుడు, “నీలో ఏదో తక్కువని కాదు, నాకు ఇట్లా బాగుంటుందని చదివాను, కలిసి చూద్దామా” అంటే వినే భర్తలు మనం అనుకున్నదానికంటే ఎక్కువమందే ఉంటారు. వినని భర్త ఉంటే, ఏం చెప్పాలో చెప్పకూడదో మీ ఇంటి పరిస్థితి మీకే తెలుసు. మీ భద్రత కంటే ఏ సుఖమూ ఎక్కువ కాదు.

ఇక్కడే ఇంకోవైపు వాళ్లతో కూడా నాకు పేచీ ఉంది. ఇది కొంటేనే ఆధునిక స్త్రీ, లేకుంటే వెనకబడ్డట్టు అని రీల్స్ చేసి అమ్మేవాళ్లు బయలుదేరారు. ఫెయిర్‌నెస్ క్రీము అమ్మినప్పుడు మన రంగులో లోపం చూపించారు, ఇప్పుడు మన పడకలో లోపం చూపిస్తున్నారు. వద్దనుకున్నవాళ్లకు ఏ లోటూ లేదు. మన చెయ్యి మనకు పైసా ఖర్చు లేకుండా ఉండనే ఉంది. ఫోనులో ఏవేవో చూసి, భార్యకు ఇష్టం లేకున్నా ఒక వస్తువు తెచ్చి “వాడాల్సిందే” అని బలవంతపెట్టే భర్త చేసేది ప్రేమ కాదు, హింస. వద్దు అనే మాట పెళ్లితో రద్దు కాలేదు. కొనుక్కోవడం హక్కు అయితే కొనకపోవడమూ అంతే హక్కు.

ఇక చట్టం భయం. “ఇంట్లో ఉంటే పోలీసులు పట్టుకుంటారా?” అని గుసగుసగా అడుగుతారు. పాత శిక్షాస్మృతిలో 292వ సెక్షన్, 2024 జూలై 1 నుంచి దాని చోట వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 294వ సెక్షన్ అశ్లీల వస్తువులను అమ్మడం, అమ్మకానికి పెట్టుకోవడం, బహిరంగంగా ప్రదర్శించడం వంటి వాటి గురించి మాట్లాడతాయి. ఒక స్త్రీ తన ఇంట్లో తన కోసం వాడుకోవడం నేరమని అందులో లేదు. దిగుమతి విషయంలో 1964 నాటి కస్టమ్స్ ప్రకటన ఒకటి అశ్లీల వస్తువులను అడ్డుకుంటుంది. దాన్ని చూపించి బాడీ మసాజర్ల సరుకును ఆపితే, 2024 మార్చిలో బొంబాయి హైకోర్టు కస్టమ్స్ వాదనను ఒప్పుకోలేదు. మసాజర్‌ను నిషిద్ధ వస్తువుగా లెక్కగట్టడం అధికారి ఊహ అని తేల్చింది. అంటే భయపడాల్సినంత ఏమీ లేదు. కానీ ఈ సగం చీకటి వల్ల అమ్మేవాళ్లకు మంచి సాకు దొరికింది. మెడ నొప్పికి, నడుము నొప్పికి మసాజర్ అని పేరు పెట్టి, అసలు వాడేది ఎక్కడో తెలిసి కూడా, దేంతో చేశారో చెప్పకుండా అమ్ముతున్నారు. చట్టం కళ్లు మూసుకుంటే నష్టపోయేది అమ్మేవాడు కాదు, కొనే ఆడది.

కాబట్టి అడుగుదాం. బంగారానికి అడిగినట్టే అడుగుదాం.

మొదటి ప్రశ్న, దేంతో చేశారు? ఈ ఒక్క ప్రశ్నకు జవాబు లేకుంటే మిగతావి అడగక్కర్లేదు, ఆ పేజీ మూసేయండి. ఒంటికి మంచివి రంధ్రాలు లేని పదార్థాలు: స్వచ్ఛమైన సిలికోన్, ఏ.బి.ఎస్. అనే గట్టి ప్లాస్టిక్, స్టెయిన్‌లెస్ స్టీలు, బోరోసిలికేట్ గాజు. వీటిని కడిగితే శుభ్రమవుతాయి. జెల్లీ, రబ్బరు, పి.వి.సి., “అసలు చర్మంలాగే” అని చెప్పేవి వద్దు. వాటికి కంటికి కనబడని రంధ్రాలుంటాయి, ఎంత కడిగినా క్రిములు లోపల ఉండిపోతాయి. పి.వి.సి.ని మెత్తబరచడానికి థాలేట్లు అనే రసాయనాలు కలుపుతారు. పిల్లల బొమ్మల్లో కొన్ని థాలేట్లు 0.1 శాతం మించకూడదని యూరప్ 2005లోనే నిబంధన తెచ్చింది. పిల్లవాడి నోట్లో పెట్టకూడనిది మన ఒంట్లో ఎందుకు? డబ్బా తెరవగానే ఘాటైన వాసన వచ్చినా, పట్టుకుంటే జిడ్డుగా అంటుకున్నా ఆ వస్తువును నమ్మకండి. ఇట్లాంటి వస్తువుల భద్రతకు ఐ.ఎస్.ఓ. 3533 అని అంతర్జాతీయ ప్రమాణం ఒకటి 2021లో వచ్చింది. దాని ప్రకారం చేశారా అని అడిగినందుకు ఎవరూ మన తల తీయరు.

రెండోది, ఏ రకం? మొదటిసారికి చిన్నది, బయట మాత్రమే వాడేది చాలు. బొటనవేలంత ఉండి, వేగం తగ్గించుకోగలిగినది. పైన చెప్పిన శరీరశాస్త్రం ప్రకారం పని చేసేది అదే. పెద్దది, పది రకాల వేగాలది, బొమ్మలో భయపెట్టేలా ఉన్నది కొని బీరువాలో పడేయడం డబ్బు దండగ. మొదట బట్ట మీదుగా, అన్నిటికంటే తక్కువ వేగంతో మొదలుపెట్టండి. లోపల వాడే రకం తర్వాత ఎప్పుడైనా, కావాలనిపిస్తేనే. వెనక భాగంలో వాడడానికి వెడల్పాటి పీట లేని వస్తువు ఏదీ పనికిరాదు. లోపలికి జారిపోయి ఆసుపత్రికి పోవాల్సి వస్తుంది. అక్కడ వాడినది కడగకుండా ముందుభాగంలో వాడకూడదు.

మూడోది, కరెంటు, నీళ్లు, చప్పుడు. ఛార్జింగ్ పెట్టేదైతే బ్యాటరీ వేడెక్కుతుందా, వారంటీ ఉందా చూడండి. ఛార్జింగులో ఉండగా వాడకండి. ఐ.పి.ఎక్స్. 7 అని రాసి ఉంటే మీటరు లోతు నీళ్లలో అరగంట ఉన్నా పాడుకాదని అర్థం, అట్లాంటిది కడగడం తేలిక. నలుగురుండే ఇంట్లో చప్పుడు కూడా ఆలోచించాల్సిందే, సిగ్గుపడాల్సిందేమీ లేదు. ఫోను యాప్‌తో నడిచేవి మొదటిసారికి వద్దు. కెనడా కంపెనీ ఒకటి తన యాప్ ద్వారా వాడకం వివరాలు సేకరించిందన్న కేసులో 2017లో పరిహారానికి ఒప్పుకోవాల్సి వచ్చింది. మన పడకగది లెక్కలు ఎవరి కంప్యూటర్లోనో ఎందుకు?

నాలుగోది, జారుడుకు ఏం వాడాలి? మెడికల్ షాపులో దొరికే నీటి ఆధారిత లూబ్రికెంట్ జెల్లీ. సువాసన, “వేడి పుట్టించే” గుణం, మొద్దుబార్చే మందు ఉన్నవి వద్దు. నొప్పి అనేది ఒళ్లు చెప్పే మాట, దాని నోరు మూయకూడదు. సిలికోన్ వస్తువుకు సిలికోన్ జెల్లీ వాడితే పైపొర పాడవుతుంది. కొబ్బరినూనె, వాజలైన్ నిరోధ్‌ను చింపేస్తాయి. వంటింట్లోని వంకాయ, క్యారెట్, కొవ్వొత్తి సంగతి కూడా చెప్పాల్సిందే. విరుగుతాయి, గీసుకుంటాయి, క్రిములుంటాయి. నవ్వకండి, ఇవన్నీ డాక్టర్లు చూస్తున్న కేసులే.

ఐదోది, ఎట్లా కడగాలి, ఎక్కడ దాచాలి? వాడే ముందు, వాడాక గోరువెచ్చని నీళ్లు, వాసన లేని సబ్బు. డెట్టాలు వద్దు. మోటారు ఉన్నదాన్ని ఉడకబెట్టకూడదు. బాగా ఆరాక శుభ్రమైన నూలు సంచిలో వేసి, పిల్లలకు అందనిచోట, వీలైతే తాళం వేసి పెట్టుకోండి. వేరేవాళ్లతో పంచుకోకూడదు. భార్యాభర్తలు ఇద్దరూ వాడుకుంటే దానికి నిరోధ్ తొడిగి, మనిషి మారినప్పుడల్లా మార్చాలి.

“అలవాటై ఇంకేదీ పనికిరాకుండా పోతుందేమో” అని ఒక భయం ఉంది. ఎక్కువసేపు వాడితే కాస్త తిమ్మిరిగా అనిపించవచ్చు, ఆపేస్తే తగ్గిపోతుంది. అమెరికాలో 18 నుంచి 60 ఏళ్ల స్త్రీల మీద చేసి 2009లో ప్రచురించిన సర్వేలో 52.5 శాతం మంది వైబ్రేటర్ వాడినవాళ్లే. వాళ్లలో 71.5 శాతం మంది తమకు ఎప్పుడూ ఏ ఇబ్బందీ రాలేదన్నారు. వచ్చినవాళ్లకు కూడా చాలావరకు కాసేపట్లో పోయే చిన్న ఇబ్బందులే.

ఏ పరిస్థితుల్లో ఆగాలో కూడా తెలియాలి. మంట, పుండు, దుర్వాసనతో తెల్లబట్ట, కారణం తెలియని రక్తం ఉంటే ముందు డాక్టరు. కాన్పయ్యాక, గర్భసంచి ఆపరేషన్ అయ్యాక, డాక్టరు సరేననేదాకా లోపల ఏదీ వద్దు. గర్భంతో ఉన్నప్పుడు రక్తం కనబడినా, మాయ కిందికి ఉందని చెప్పినా అంతే. ప్రతిసారీ నొప్పి వస్తున్నా, అసలు లోపలికి ఏదీ పోనీయకుండా కండరాలు బిగుసుకుపోతున్నా దానికి వైద్యముంది, వస్తువు కొంటే తీరేది కాదు. డాక్టరు దగ్గర “వేడి చేసింది” అనకండి. “మసాజర్ వాడాను, అప్పటి నుంచి మంట” అనండి. ఒక్క వాక్యం. ఆ వాక్యం విని మొహం చిట్లించే డాక్టరుంటే సిగ్గుపడాల్సింది ఆ డాక్టరు. ఊర్లో చెప్పలేకుంటే కడపకు పోండి, ప్రొద్దుటూరుకు పోండి. చీరకు పోతాం, ఒంటికి పోలేమా?

1991లో హైదరాబాదులో స్త్రీశక్తి సంఘటన ఆడవాళ్లు ‘సవాలక్ష సందేహాలు’ అని స్త్రీల ఆరోగ్యం మీద తెలుగులో పుస్తకం తెచ్చారు. పేరులోనే ఉంది విషయమంతా. సందేహాలు మనకు ఎప్పుడూ ఉన్నాయి, అడిగే చోటే లేదు. ఆ చోటు ఎవరో కట్టించి ఇవ్వరు. చెల్లెలు అడిగితే కసురుకోని అక్క ఉన్నచోట అది తయారవుతుంది. పెళ్లికి ముందు కూతురికి వంట, వాయనాలతో పాటు తన శరీరం పేరేమిటో చెప్పే అమ్మ ఉన్నచోట తయారవుతుంది. “మా రోజుల్లో ఇవన్నీ ఉన్నాయా” అనే పెద్దమ్మలకు ఒక మాట. మీ రోజుల్లో లేనిది వస్తువే, కోరిక కాదు. మీకు దక్కనిది మాకూ దక్కకూడదని మీరు కోరుకోరని నాకు నమ్మకం.

అమ్మేవాళ్లకు కూడా ఒక మాట. మా మౌనాన్ని చూసుకొని మీరు లాభం చేసుకుంటున్నారు. దేంతో చేశారో తెలుగులో రాయండి. ఎట్లా కడగాలో రాయండి. డబ్బా మీద అర్ధనగ్నంగా ఒక తెల్ల అమ్మాయి బొమ్మ వేయడానికి ఉన్న చోటు, నాలుగు పంక్తులు రాయడానికి లేదా? బిల్లు ఇవ్వండి. పాడైతే మార్చండి. మేం తేలు కుట్టిన దొంగలం కాము, డబ్బిచ్చి కొనే గిరాకీలం.

అక్కలారా, చెల్లెళ్లారా, కొంటారో కొనరో మీ ఇష్టం. కొంటే మాత్రం దేంతో చేశారని అడగండి. చెప్పకపోతే కొనకండి.